నల్ల సాన్పు

మా నాయిన లారీ మెకానిక్. భూపాలపల్లిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, మేస్త్రి అంటేనే అందరికీ తెలుస్తుంది. షెడ్డులో బోల్టు బిగిస్తూ, మెయిన్ రోడ్డు మీద పోయే బొగ్గు లారీ చప్పుడు విని, తల కూడా ఎత్తకుండా "గిది పరకాల దాటది" అనేవాడు. అది నిజంగానే పరకాల దాటకముందే ఆగిపోయేది. అంత చెవి ఆయనది. ఆ చెవితోనే మా అమ్మ ఊపిరిని కూడా వినేవాడు. పొద్దున చాయ్ గ్లాసు పట్టుకొని ఆమె పక్కన కూర్చొని, తల ఒక పక్కకు వంచి చెవి ఒగ్గేవాడు. "ఇయ్యాల జర గరగరమంటాంది, పని ముట్టకు" అనేవాడు. "నేనేమన్న నీ లారీనా?" అని అమ్మ కసిరేది. లారీ అయితే బాగుండునని ఆయన ముఖం చూస్తే తెలిసేది. లారీనైతే విప్పి చూడొచ్చు.

అమ్మకు దమ్ము, అంటే ఆయాసం, మానుకోట మిర్చి వల్ల వచ్చింది. మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ మానుకోట అనే అంటాం. అమ్మ పుట్టిల్లు కురవి పక్కన. పెళ్ళయిన కొత్తలో నాయిన మానుకోటలో ఒక లారీ షెడ్డులో పని నేర్చుకుంటుంటే, ఆమె మిర్చికి తొడిమలు తీసే కూలికి పోయేది. పొద్దంతా ఆ ఘాటులో కూర్చొని కూర్చొని ఛాతీ చెడగొట్టుకుంది. నేను కడుపులో పడ్డాక ఆమెకు ఏ వాసనా పడలేదట. అన్నిటికన్నా నాయిన బట్టల్లోని ఆయిల్ వాసన. ఒకరోజు ఇద్దరూ కూర్చొని తింటుంటే, నోట్లో ముద్దతోనే లేచి బయటికి పరుగెత్తిందట.

ఆ రోజు నుంచి నాయిన షెడ్డు వాసనను ఇంట్లోకి రానివ్వలేదు. షెడ్డులోనే కిరసనాయిలుతో చేతులు తుడుచుకొని, మోచేతుల దాకా సబ్బు రుద్దుకొని, అంగీ మార్చుకొని ఇంటికి వచ్చేవాడు. షెడ్డు బట్టలు ఉతికేది ఆయనే, ఆరేసేదీ అక్కడే. నేను పుట్టాను, భూపాలపల్లికి వచ్చాం, నేను పెద్దయి పెళ్ళి చేసుకొని జనగామ వెళ్ళిపోయాను, ఆయన పద్ధతి మాత్రం మారలేదు. మెకానిక్ కూతురినై ఉండి ఆయిల్ మరకల అంగీ ఎట్లా ఉతకాలో నాకు తెలియదు. ఈ మాట చెబితే నా స్నేహితులు నమ్మరు.

ఇక దుబ్బ, అదే దుమ్ము సంగతి. మా గల్లీది మట్టి రోడ్డు. ఎవరు మొదలుపెట్టారో గాని, బొగ్గు తూకం వేసే కాంటాకు పోయే లారీలు అడ్డదారని మా గల్లీలోంచి పోవడం మొదలైంది. ఒక లారీ పోయిందంటే ఎదురిల్లు కనిపించేది కాదు. కడిగి బోర్లించిన గిన్నెల మీద దుబ్బ, ఆరేసిన చీరల మీద దుబ్బ, కరివేపాకు కోస్తే చేతికి దుబ్బ. అమ్మకు దమ్ము ఎక్కువైంది. దవాఖానలో డాక్టరమ్మ, "దుమ్ము తగలకుండ చూసుకోండి" అని చెప్పి పంపింది. మామూలుగా డాక్టర్ల మాటలు ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసే మా నాయిన, ఆ ఒక్క మాటను మాత్రం పట్టుకున్నాడు. వార్డు మెంబరు దగ్గరికి పోయాడు. కొన్నాళ్ళు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, తర్వాత రాలేదు. వచ్చినరోజు కూడా ఎండకు నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయి?

అప్పుడు ఆయనకు తోచింది ఆయన పనిలోంచే తోచింది. షెడ్డులో లారీ ఇంజన్లలోంచి తీసిన నల్ల ఆయిల్ డ్రమ్ముల్లో ఉంటుంది. పాత డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, తీగతో పట్టుకోవడానికి పిడి కట్టాడు. సాయంత్రం ఆ డబ్బా నింపుకొని, గల్లీ మలుపు నుంచి మా గేటు దాకా, తాను పోసినదాన్ని తాను తొక్కకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ చల్లుకుంటూ వచ్చేవాడు. అయిపోయాక మళ్ళీ షెడ్డుకు పోయి, చేతులు కడుక్కొని, అంగీ మార్చుకొని వచ్చేవాడు.

"మేస్త్రి నల్ల సాన్పు చల్లుతాండు" అని ఎదురింటి పెద్దమ్మ నవ్వింది. మా దగ్గర సాన్పు అంటే పొద్దున్నే వాకిలి ఊడ్చి చల్లే పెండ నీళ్ళు, కళ్ళాపి. అది ఆడవాళ్ళ పని. నాయిన దానికి ఉడుక్కోలేదు సరికదా, తానే ఆ పేరు వాడడం మొదలుపెట్టాడు. దుబ్బ నిజంగానే అణిగింది. లారీ పోతే చప్పుడే గాని మబ్బు లేవదు. పెద్దమ్మ కూడా, "అన్నా, మా ముంగట గూడ జర పొయ్యే" అని అడిగింది. నేను ఫోన్ చేస్తే, నా బాగోగులు అడగకముందే, "ఒక్క రవ్వ దుబ్బ లేదు బిడ్డా, మీ అమ్మ ఇగ రాణి లెక్క ఉంటది" అనేవాడు. ఆ గొంతులో సంతోషం విని నాకూ కడుపు నిండినట్టుండేది.

ఒక్క ముగ్గే పోయింది. జిడ్డు పట్టిన నేల మీద పెండ నీళ్ళు నిలవవు, పక్కకు జారిపోతాయి. ముగ్గు పోస్తే అది నూనె పీల్చుకొని క్షణంలో మసిబారుతుంది. గల్లీ మొత్తంలో అమ్మ ముగ్గుకు పేరు. బతుకమ్మ రోజుల్లో ఆమె ముగ్గు చూడ్డానికని పక్క గల్లీవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆమె ముగ్గుగిన్నెను గేటు లోపలికి తెచ్చుకొని, మెట్టు మీద చేటంత జాగాలో నాలుగు చుక్కలు పెట్టి సరిపెట్టుకుంది. వీడియో కాల్‌లో చూసి, "ఏందమ్మా, గింత చిన్నగ?" అంటే, "నడుము వంగుతలేదు బిడ్డా" అంది. నమ్మాను.

నేను జనగామలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. పైనుంచి ఇంగ్లీషులో వచ్చే నిబంధనల్ని మామూలు తెలుగులోకి తేవడం నా పనిలో ఒక భాగం. ఆ ఎండాకాలం నా టేబుల్ మీదికి వచ్చినవి వాడిన ఇంజన్ ఆయిల్ గురించి. అది ప్రమాదకరమైన వ్యర్థం. నేల మీద పోయకూడదు, కాలువలో వదలకూడదు, దుమ్ము అణగడానికని రోడ్డు మీద చల్లకూడదు. మూత ఉన్న డ్రమ్ముల్లో దాచి, అనుమతి ఉన్నవాళ్ళకే అప్పగించాలి. వాన పడితే అది భూమిలోకి, నీళ్ళలోకి దిగుతుంది, ఎండకు దాని ఆవిరి గాలిలో కలుస్తుంది. నేను మొదట "వాడిన నూనె" అని రాశాను. మా అటెండరన్న చదివి, "మేడం, గిది చూసి మా ఇంటిది గారెలు కాల్చిన నూనె అనుకుంటది" అన్నాడు. నిజమే. అది కొట్టేసి, "బండి ఇంజన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్" అని రాశాను. రాయగానే డబ్బా పట్టుకొని వెనక్కి నడుస్తున్న మా నాయిన కళ్ళ ముందు మెదిలాడు.

ఆ శనివారమే బస్సెక్కాను. హన్మకొండలో బస్సు మారి భూపాలపల్లిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. గల్లీ మలుపు తిరగగానే వాసన ముఖానికి కొట్టింది. రోడ్డు నల్లగా మెరుస్తోంది, చెప్పులు అతుక్కుంటున్నాయి. ఇంట్లోకి పోతే ముందు గదిలో అమ్మ లేదు. వెనక వంటింట్లో, కిటికీ మూసి, సందుల్లో తడి తువ్వాల కుక్కి, నేల మీద కూర్చొని ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పీల్చే మందు డబ్బా చేతిలోనే ఉంది. ఆమె ఛాతీలోంచి పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి.

"అమ్మా, దుబ్బ లేదు గదా! మరి గిట్లెందుకైంది?"

"వాసన బిడ్డా. పొద్దెక్కిందంటే గుండెల మీద కూసుంటాంది."

"నాయినకు చెప్పినవా?"

"చెప్పలే. నువ్వు గూడ చెప్పకు."

"ఎందుకమ్మా?"

"నా కోసమే గదనే పోస్తాండు. గా డబ్బ పట్టుకొని వెనక్కి నడుసుకుంట మొన్న పడబోయిండు. గంత పావురంగ చేస్తాంటె వద్దని ఎట్లంటనే? సాయంత్రం ఆయన వచ్చేటాలకు చల్లవడ్తది, మంచిగైతది. నువ్వేమనకు, నా మీద ఒట్టు."

పావురం అంటే మా దగ్గర ప్రేమ. ఆ మాట వింటే ఎవరికైనా మనసు కరుగుతుందేమో గాని, నాకు ఒళ్ళు మండింది. ఊపిరాడక కూర్చొని, ఊపిరి తీసేవాణ్ణి వెనకేసుకొస్తుందా? నాకు మా నాయిన కోపం అచ్చుగుద్దినట్టు వచ్చింది, అమ్మ ఓపిక మాత్రం పిసరంత రాలేదు. కడుపులో మాట దాచుకోవడం నా వల్ల కాదు. అయినా ఒట్టు పెట్టింది.

సాయంత్రం నాయిన డబ్బాతో గల్లీ మలుపులో కనిపించాడు. నన్ను చూసి ఆయన ముఖం విప్పారింది గాని, పని ఆపలేదు. వెనక్కి నడుస్తూ నడుస్తూ గేటు దాకా వచ్చాడు. నేను గేటు పట్టుకొని నిలబడ్డాను.

"నాయినా, నల్ల ఆయిల్ రోడ్డు మీద పొయ్యద్దు. రూలున్నది."

"ఎవడు పెట్టిండు?"

"సర్కారు పెట్టింది. నేనే తెలుగుల రాసిన."

"నా బిడ్డ రాసిందంటె మంచిగనే ఉంటది" అని నవ్వాడు. "గని, గా రూలు పెట్టినోళ్ళను ఒక్కనాడు వచ్చి మీ అమ్మ పక్కన కూసొమ్మను. లారీ పోయినప్పుడల్ల ఆమె దగ్గుడు చూసి మాట్లాడుమను. రోడ్డెయ్యరు, నీళ్ళు చల్లరు. ఏదో తిప్పలువడి చేసుకునేటోన్ని వద్దనేటందుకు మాత్రం వస్తరు."

అందులో అబద్ధం ఏముంది? అందుకే నాకు కోపం ఇంకా పెరిగింది.

"వానొస్తే గిదంత ఎటు వోతది? మన బోరులకే గదా?"

"భూమి తాగుతది తియ్యి."

"నువ్వు తాగుతవా?"

ఆయన ముఖం మాడిపోయింది. "జనగామ పోయినంక నీకు నోరు బాగ పెరిగింది" అన్నాడు. ఇంతలో లోపల అమ్మ దగ్గింది. "చూసినవా, నీ లొల్లికి ఆమెకు దగ్గొస్తాంది" అన్నాడు. నాలుక కొసదాకా వచ్చిన మాటను పళ్ళు బిగబట్టి ఆపుకున్నాను. ఆయన ఖాళీ డబ్బా చేత పట్టుకొని వెనక్కి తిరిగాడు.

"మల్ల యాడికి?"

"షెడ్డుకు. చేతులు కడుక్కొని వస్త."

"ఇంట్ల నీళ్ళు లేవా? ఈడనే కడుక్కో. పొద్దువోయింది."

"ఈడ వద్దు బిడ్డా."

"ఎందుకు వద్దు?" ఒట్టేసి చెబుతున్నాను, అందులో నా తెలివి ఏమీ లేదు. కోపంలో ప్రతి మాటకూ అడ్డం తగులుతున్నాను, అంతే.

"ఎందుకేంది? మీ అమ్మకు ఆయిల్ వాసన పడది గదా…"

అని ఆగిపోయాడు.

చేతిలోని డబ్బాను చూశాడు. గేటు దాకా నల్లగా తడిసి ఉన్న రోడ్డును చూశాడు. తర్వాత ఇంటి వైపు చూశాడు. ఆ ఎండాకాలం సాయంత్రం గల్లీలో అందరి కిటికీలూ తెరిచి ఉన్నాయి, మావి తప్ప. అవి అట్లా ఎన్నాళ్ళ నుంచి మూసి ఉన్నాయో ఆయన అప్పుడే గమనించినట్టున్నాడు.

"నాకు వాసన వస్తలేదు బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఎప్పటిసందో వస్తలేదు. గంతగనం వస్తాందా?"

నేను ఒట్టుకు కట్టుబడి నోరు విప్పలేదు. ఆయనే ఇంటి పక్క సందులోంచి నడిచి వెనక వంటింటి కిటికీ దగ్గరికి పోయాడు. "ఏమే" అని పిలిచాడు. "నీకు వాసన వస్తాందా?"



"జరంత," అంది అమ్మ. "గంతేం లేదు."

"గిన్ని దినాలు చెప్పకపోతివేమే?"

"నువ్వు కాళ్ళు గుంజంగ నడుసుకుంట పోస్తాంటివి. ఏమని చెప్పాలె?"

నాయిన కిటికీ బయటే నిలబడిపోయాడు. రెండు చేతులూ ఒంటికి, గోడకు, కిటికీకి తగలకుండా దూరంగా పట్టుకొని ఉన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకుందామన్నా చేతుల నిండా ఆయిలే. నేనే నా చున్నీతో తుడిచాను. ఆ ఇద్దరి మీదా నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమ కూడా ఎప్పుడూ రాలేదు. అమ్మను ఆ రాత్రికి పక్క గల్లీలో తెలిసినవాళ్ళింట్లో పడుకోబెట్టాం.

తెల్లారి ఆదివారం. నాయిన పార పట్టుకొని రోడ్డు మీద నల్లబడిన మట్టి గీకడం మొదలుపెట్టాడు. షెడ్డు వెనక బొందలో పోస్తానన్నాడు. అట్లా కూడా పోయకూడదు, అది కూడా ఆయిల్ లెక్కే, దాన్నీ జాగ్రత్తగా దాచి అప్పగించాలి అన్నాను. "రూలు గది గూడ చెప్తాందా?" అన్నాడు. చెబుతోంది అన్నాను. "అయితే మొత్తం సదువు." నేను రోడ్డు మధ్యలో నిలబడి నేను రాసిన తెలుగును చదివాను. ఆయన పార మీద గడ్డం ఆనించి విన్నాడు, మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. మట్టిని సంచుల్లోకి ఎత్తి, షెడ్డు రేకుల కింద తాటిపత్రి పట్టా పరిచి పెట్టాడు. వాడిన ఆయిల్ తీసుకుపోయే అనుమతి ఉన్నవాళ్ళ బండి రావడానికి చాలా రోజులే పట్టింది. వచ్చినప్పుడు డ్రమ్ములతో పాటు ఆ సంచుల్ని కూడా ఎక్కించేదాకా ఆయన నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. గీకిన చోట గట్టి మొరం మట్టి పోయించాడు.

సహజంగానే దుబ్బ తిరిగి వచ్చింది. రూలు ఆయిల్‌ను ఆపింది గాని లారీలను ఆపలేదు. ఆ నెల అమ్మను దవాఖానకు కూడా తీసుకుపోవాల్సి వచ్చింది. అమ్మ ఎట్లుందని ఫోన్‌లో అడిగితే నాయిన "ఉన్నది" అని పెట్టేసేవాడు. నాకు ఆఫీసులో కూర్చుంటే ఆ కాగితం మీదే కసి వచ్చేది. పొయ్యొద్దని చెప్పేటప్పుడు, మరి ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పాలి కదా?

తర్వాత ఒకరోజు ఎదురింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. నవ్వాపుకోలేక మాట రావడం లేదు ఆమెకు. "మీ నాయిన సాన్పు చల్లుతాండే! నిజం సాన్పు!"

లారీ ఇంజన్‌ను ఒంటిచేత్తో కదిలించే మనిషికి పెండ నీళ్ళు చల్లడం రాలేదట. ఒక్కచోటే గుమ్మరించేవాడట. అమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకొని, "అట్ల కాదు, చెయ్యి ఇసురు, ఇసిరినట్టు చల్లు" అని నేర్పిందట. పొద్దున లారీలు మొదలుకాకముందు, మళ్ళీ మధ్యాహ్నం షెడ్డు నుంచి వచ్చి, మలుపు నుంచి గేటు దాకా. దారిన పోయే మగవాళ్ళు, "ఏందన్నా, వదినకు పని తప్పించినవా?" అని ఆటపట్టిస్తే, "అవునే, నువ్వు గూడ మీ ఇంటి ముంగట తప్పియ్యి" అనేవాడట. అంతకుముందు లారీలు మెల్లగా పోవాలని ఆయన కాంటా దగ్గరికి పోయి చెప్పి వచ్చినా ఎవరూ వినలేదు. ఇప్పుడు మాత్రం బకెట్ పట్టుకొని రోడ్డు మధ్యలో మేస్త్రి నిలబడి ఉంటే, వేగంగా పోయే డ్రైవర్ ఎవరు? ఆయన చెయ్యి పడని లారీ ఆ దారిన ఒక్కటీ లేదు. మెల్లగా పోతే దుబ్బ లేవదని ఆ డ్రైవర్లకు కూడా తెలుసు. మెల్లగా పోవడం అలవాటైంది.

చలికాలంలో నేను పోయినప్పుడు, పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో ఇద్దరూ లేరు. గేటు బయట రోడ్డు పచ్చిగా, పెండ వాసనతో ఉంది. అమ్మ రోడ్డు మీద ముగ్గు వేస్తోంది. మెట్టు మీది నాలుగు చుక్కల ముగ్గు కాదు, వెనకటిలాగా గల్లీ సగం ఆక్రమించే ముగ్గు. కొంగు ముక్కుకు లేదు, నడుముకు దోపుకొని ఉంది. పీల్చే మందు డబ్బా గేటు మీద అందుబాటులో పెట్టింది. దమ్ము పోలేదు, అది పోయేది కాదని మాకు తెలుసు. నాయిన ఖాళీ బకెట్‌తో పక్కన నిలబడి ఉన్నాడు.

మలుపులో లారీ వచ్చింది. నాయిన చెయ్యి ఎత్తాడు. డ్రైవర్ ఆపి, తల బయటపెట్టి ముగ్గును చూశాడు. అమ్మ ఇంకా చివరి వరుసలో ఉంది. అతను ఏమనుకున్నాడో, ఇంజన్ బంద్ చేశాడు.

గల్లీ అంతా చప్పుడు లేకుండా అయింది. నాయిన తల ఒక పక్కకు వంచాడు. నేను కూడా గుమ్మంలో కదలకుండా విన్నాను. వేళ్ళ సందుల్లోంచి ముగ్గు రాలుతున్న సన్నటి చప్పుడు, దాని పక్కన అమ్మ ఊపిరి. పిల్లికూతలు లేవు.

"ఇయ్యాల మంచిగున్నది," అన్నాడు నాయిన.

"నేనేమన్న నీ లారీనా?" అంది అమ్మ, తలెత్తకుండానే.

ముగ్గు అయ్యేదాకా ఆయన చెయ్యి దించలేదు.